పున్యాని రాయని పున్యాని

వయొలిన్ నేర్చుకుంటున్న పిల్లల దగ్గర్నుంచి ప్రపంచమంతా తిరిగే విద్వాంసుల దాకా అందరూ వాయించే చిన్న రచన ఒకటుంది. ‘ప్రెలూడియం అండ్ అలెగ్రో’ అంటారు. వయొలిన్‌కి పియానో తోడుగా రాసింది, ఈ మైనర్‌లో ఉంటుంది, మొత్తం కలిపి ఐదారు నిమిషాలు. మొదట్లో పియానో నిండైన కార్డులు వేసి నిలబెడుతుంటే, వయొలిన్ ఒక్కొక్క స్వరాన్నీ విడిగా, బరువుగా పలుకుతూ కిందికీ పైకీ పెద్ద పెద్ద అంగలు వేస్తుంది. రాతి మంటపంలోకి ఎవరో పెద్దమనిషి నడిచొస్తున్నట్టు ఉంటుంది. మధ్యలో ఆ నడక కాసేపు ఆగి, మెత్తగా తనలో తను ఏదో అనుకుంటుంది. ఆ తర్వాత అలెగ్రో. ఇక్కణ్ణుంచి పరుగు. చిన్న స్వరాలు గొలుసుకట్టుగా వస్తాయి, కమాను ఒక తీగ మీంచి ఇంకో తీగ మీదికి ఊగుతుంది, ఆఖర్న మళ్ళీ పెద్ద కార్డులతో సభ ముగిసినట్టు ముగుస్తుంది.

1910లో జర్మనీలోని షాట్ సంస్థ దీన్ని అచ్చు వేసినప్పుడు స్వరకర్త పేరు గెయెటానో పున్యాని అని ఉంది. పున్యాని నిజంగా ఉన్నవాడే. ఇటలీలోని ట్యూరిన్ వాడు, 1731లో పుట్టి 1798లో పోయాడు, ఆ కాలపు గొప్ప వయొలిన్ విద్వాంసుల్లో ఒకడు, వియొట్టికి గురువు. ఆయన రాతప్రతి ఒకటి తనకి దొరికితే దాన్ని నేటి కచేరీకి తగ్గట్టు మలిచానని చెప్పినవాడు వియన్నాకి చెందిన ఫ్రిట్జ్ క్రైస్లర్. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో శ్రోతలు అందరికంటే ఎక్కువగా ప్రేమించిన వయొలిన్ అతనిదేనంటే పెద్దగా ఎవరూ కాదనరు. పున్యాని ఒక్కడే కాదు. ‘క్లాసికల్ మాన్యుస్క్రిప్ట్స్’ అన్న పేరుతో కూపెరాన్, ఫ్రాంకూర్, పాద్రే మార్తీని, బొకెరీని, డిటర్స్‌డార్ఫ్, స్టామిట్జ్, ఇలా పదీ పన్నెండు మంది పాతవాళ్ళ రచనలని క్రైస్లర్ వెలికితీశాడు. ఎక్కడ దొరికాయని అడిగితే దక్షిణ ఫ్రాన్స్‌లో ఓ పాత మఠంలో అనేవాడు.

1935 ఫిబ్రవరిలో, అతనికి అరవై ఏళ్ళు నిండిన వారంలోనే, అసలు సంగతి బయటపడింది. న్యూయార్క్ టైమ్స్ సంగీత విమర్శకుడు ఓలిన్ డౌన్స్ యెహూదీ మెనుహిన్‌తో కలిసి ఒక ప్రసంగ కచేరీ తయారుచేసుకుంటున్నాడు. అందులో ఈ ప్రెలూడియం అండ్ అలెగ్రో ఉంది. పున్యాని ఏం రాశాడో, అందులో క్రైస్లర్ ఏం మార్చాడో పక్కపక్కన పెట్టి చూపిద్దామని డౌన్స్ మూలం కోసం వెతికాడు. దొరకలేదు. చివరికి యూరప్‌లో ఉన్న క్రైస్లర్‌నే అడిగాడు. జవాబొచ్చింది: మూలమంటూ ఏదీ లేదు, మొత్తం నేనే రాశాను.

మఠం లేదు. రాతప్రతి లేదు. ముప్పై ఏళ్ళుగా లోకం చప్పట్లు కొట్టిన పున్యాని, పున్యాని కాడు.

*

ఈ కథ చాలామంది సరదా ముచ్చటగా చెప్తారు. పండితుల్ని బోల్తా కొట్టించిన కొంటె కళాకారుడి కథగా. సరదాగానే ఉంటుంది, కాదనను. కానీ దీని వెనక తేలిగ్గా తెగని ప్రశ్న ఒకటుంది: క్రైస్లర్ చేసింది తప్పా? తప్పయితే, ఎవరికి జరిగిన తప్పు?

దొంగతనం అందామా అంటే, ఇది తిరగేసిన దొంగతనం. ఇంకొకడి రచనని తన పేరు మీద వేసుకునేవాణ్ణి మనకి తెలుసు, వాడికి శిక్షా తెలుసు. తన రచనని ఇంకొకడికి ఇచ్చేసినవాణ్ణి ఏమనాలి? పున్యాని ఆస్తి ఏమీ పోలేదు, పైగా కలిసొచ్చింది. డబ్బు కోసమా అంటే, ప్రచురణ హక్కుల డబ్బు ఎలాగూ క్రైస్లర్‌కే వస్తుంది. తన పేరుతో వేసినా వచ్చేది. శ్రోత నష్టపోయాడా? టికెట్ కొన్నాడు, ఐదు నిమిషాలు మంచి సంగీతం విన్నాడు, ఇంటికెళ్ళాడు. ఆ ఐదు నిమిషాల్లోంచి ఎవరూ ఏమీ తీసేసుకోలేదు.

క్రైస్లర్ తన వైపు నుంచి చెప్పుకున్న కారణాలు కూడా అర్థంలేనివి కావు. కుర్రతనంలో అతనికి ఆర్కెస్ట్రాని పెట్టుకునే స్తోమత లేదు, అంచేత కన్చెర్టోలు వాయించే వీల్లేదు. వయొలిన్, పియానో మాత్రమే ఉండే కచేరీకి సరిపడా చిన్న రచనలు ఆ రోజుల్లో తక్కువ. కనక రాసుకున్నాడు. కానీ కాయితం మీద వరసగా క్రైస్లర్, క్రైస్లర్, క్రైస్లర్ అని ఉంటే ఏం బాగుంటుంది? పైగా పోటీలో ఉన్న విద్వాంసుడి రచనని వేరే వయొలినిస్టులు ముట్టుకోరు. పున్యానిది అయితే నిరభ్యంతరంగా వాయిస్తారు. వాయించారు కూడా.

అతని జీవితకథల్లో కనిపించే ముచ్చట ఒకటి ఇక్కడ చెప్పాలి. ‘లీబెస్‌ఫ్రాయిడ్’, ‘లీబెస్‌లైడ్’ అని రెండు వియన్నా నాట్యాలున్నాయి. వాటిని మొదట్లో జోసెఫ్ లానర్ పేరు మీద వాయించేవాడు. లానర్ పందొమ్మిదో శతాబ్దపు వాల్ట్జ్‌ల రాజుల్లో ఒకడు. ఒక కచేరీలో వాటి పక్కనే ‘కప్రీస్ వియన్వా’ అనే తన రచనని తన పేరుతోనే వాయించాడు. బెర్లిన్ విమర్శకుడొకడికి కోపమొచ్చింది. లానర్ రత్నాల పక్కన నీ సొంత సరుకు పెట్టడానికి ఎంత ధైర్యం అని మందలించాడు. ఆ రత్నాలూ నా సరుకేనండీ అని క్రైస్లర్ చెప్పాల్సి వచ్చింది.

నవ్వొస్తుంది కానీ, ఇది క్రైస్లర్ తరఫున వచ్చిన అతిపెద్ద సాక్ష్యం. అదే చెయ్యి, అదే సాయంత్రం, అవే చెవులు. ఒక పేరుంటే రత్నం, ఇంకో పేరుంటే రాయి. అబద్ధం చెప్పింది స్వరకర్త అయితే, ఆ అబద్ధాన్ని అవసరం చేసింది శ్రోత కాదా?

*

సంగతి బయటపడ్డాక లండన్‌లో సండే టైమ్స్ విమర్శకుడు ఎర్నెస్ట్ న్యూమన్ గట్టిగా దాడి చేశాడు. ఇద్దరి మధ్యా అదే పత్రికలో ఉత్తరాలు నడిచాయి. న్యూమన్ వాదనలో రెండు ముక్కలున్నాయి. ఒకటి: ఇది నైతికంగా తప్పు. రెండు: ఇదేమంత గొప్ప విద్య కాదు. ఆ కాలపు సంగీతంలో అందరూ వాడుకున్న ఉమ్మడి బాణీలు, ఉమ్మడి మలుపులు బోలెడు. కాస్త చదువుకున్న సంగీతజ్ఞుడెవడైనా అలాంటివి అల్లగలడు.

రెండో ముక్కకి క్రైస్లర్ దగ్గర జవాబుంది. అంత తేలికైతే ఇన్నేళ్ళు మీరెవరూ ఎందుకు పట్టుకోలేదు? అన్నేళ్ళుగా గొప్పవని మెచ్చుకున్నవి ఇవాళ పేరు మారగానే ఎలా తక్కువయ్యాయి? అదీగాక తాను అరువు తెచ్చుకున్న పేర్లు జనానికి తెలిసినవి కూడా కావన్నాడు. పున్యానినో ఫ్రాంకూర్‌నో నేను వాయించకముందు ఎవరు విన్నారు, ఆ పేరు చూసి ఎవరు టికెట్ కొన్నారు అని అతని ప్రశ్న. బాఖ్ పేరో మొజార్ట్ పేరో వాడుకుంటే అది వేరు.

వాడుకున్నవాళ్ళూ ఉన్నారు. 1933లో మరియస్ కాజడస్యూ అనే ఫ్రెంచి వయొలినిస్టు మొజార్ట్ చిన్నప్పటి రచన దొరికిందని ‘అడెలాయిడ్ కన్చెర్టో’ని బయటపెట్టాడు. మరుసటేడు దాన్ని రికార్డు చేసింది ఎవరో కాదు, మన మెనుహినే. అది తన రచనేనని కాజడస్యూ 1977లో చెప్పాడు. అదీ ఎందుకు, కాపీరైట్ గొడవ కోర్టుకెక్కింది కనక. నలభై నాలుగేళ్ళు మొజార్ట్ కీర్తిని అనుభవించి, హక్కుల దగ్గరికి వచ్చేసరికి సొంతదారుగా నిలబడ్డాడు. దీని పక్కన పెడితే క్రైస్లర్ నిజంగానే పెద్దమనిషిలా కనిపిస్తాడు.

కానీ న్యూమన్ మొదటి ముక్క అలాగే మిగిలిపోయింది. ఇది తక్కువ తప్పు అని తేలితే, తప్పు కాదని తేలినట్టు కాదు.

*

మన దగ్గర కూడా పేర్ల ఆటలు తక్కువేమీ కాదు. అవి చూస్తే ప్రశ్న కొంచెం విడివడుతుందనిపిస్తుంది.

1960లు, 70లలో వారపత్రికల్లో రచయిత్రుల సీరియళ్ళు వెలుగుతున్నప్పుడు కొందరు మగవాళ్ళు ఆడపేర్లతో రాశారు. బీనాదేవి అని అందరూ ఎరిగిన పేరు వెనక ఉన్నది భార్యాభర్తలిద్దరు. వీటిని మనం మోసమనం, కలంపేర్లంటాం. ఎందుకంటే ఆ పేరు వెనక వేరే మనిషి లేడు. ఖాళీ ఇంటికి బోర్డు పెట్టుకోవడం అది. క్రైస్లర్ పెట్టింది వేరొకరి ఇంటి గుమ్మానికి.

కర్ణాటక సంగీతంలో ఇంకో ఏర్పాటుంది. పేరుని పాటలోనే కలిపి కుట్టేస్తారు. త్యాగరాజు తన పేరే పెట్టుకున్నాడు, దీక్షితులు ‘గురుగుహ’ అన్నాడు. ముద్ర అంటాం. నేను ప్రోగ్రామర్ని కాబట్టి, గిట్‌లో కమిట్ కింద పడే పేరు లాంటిదని నాకు అనిపిస్తుంది. ఈ మార్పు ఎవరు చేశారు, ఏదన్నా తేడా వస్తే ఎవర్ని అడగాలి అన్నది అక్కడ ఉంటుంది. కానీ ముద్ర ఎవరైనా వెయ్యొచ్చు. త్యాగరాజ ముద్ర ఉన్న ప్రతి కృతీ త్యాగరాజుది కాదని సంగీతజ్ఞులు వాదులాడుకుంటూనే ఉన్నారు. వేమన మకుటంతో ఉన్న పద్యాల్లో వేమనవి ఎన్నో ఎవరికీ తెలీదు.

వేమన పద్యాలు కట్టినవాళ్ళని మనం తిట్టుకోం. ఎందుకంటే మకుటం అక్కడ దాదాపు ఒక ఛందస్సు అయిపోయింది. ‘ఇలాంటి మాట ఇలా చెప్తారు’ అనడానికి గుర్తు. ఆ పద్యం ఎక్కడిదని ఎవరూ కథ అల్లలేదు. ఊరికే జనంలో కలిసిపోయాయి.

కథ అల్లిన సందర్భం వేరే ఉంది. ‘ఆంధ్రశబ్దచింతామణి’ అని సంస్కృతంలో రాసిన తెలుగు వ్యాకరణం. నన్నయ రాశాడని పేరు. నన్నయ పదకొండో శతాబ్దంవాడు, ఈ పుస్తకమేమో పదిహేడో శతాబ్దం దాకా ఎవరి కంటా పడలేదు. మరి ఎక్కణ్ణుంచి వచ్చింది? అప్పకవి ఒక కథ చెప్తాడు. నన్నయ మీద కోపంతో భీమకవి దాన్ని గోదావరిలో పారేశాడట. రాజరాజనరేంద్రుడి కొడుకు సారంగధరుడికి అది కంఠస్థమట. అతను సిద్ధుడై ఆరువందల ఏళ్ళు బతికి, మతంగ పర్వతం దగ్గర ఎలకూచి బాలసరస్వతికి ఇచ్చాడట. బాలసరస్వతి దానికి టీక రాశాడు. ఇది నన్నయది కాదని పండితులు బలంగానే వాదించారు. బాలసరస్వతే రాసి ఉంటాడన్నవాళ్ళూ ఉన్నారు.

దక్షిణ ఫ్రాన్స్‌లో మఠం, మతంగ పర్వతం మీద సిద్ధుడు. రెండూ ఒకే పని చేస్తున్నాయి. పేరు మార్చడం ఒక ఎత్తు. ఆ పేరుని నమ్మించడానికి ‘దొరికిన కథ’ ఒకటి కల్పించడం ఇంకో ఎత్తు. మొదటిది వేషం, రెండోది సాక్ష్యం. వేషగాణ్ణి చూసి నవ్వుతాం, దొంగసాక్ష్యానికి నవ్వలేం. ఎందుకంటే సాక్ష్యం మీద తర్వాతివాళ్ళు కట్టుకుంటూ పోతారు. చింతామణి మీద అప్పకవి కట్టాడు, అహోబలుడు కట్టాడు, 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణం దాకా ఆ వరస వచ్చింది. తెలుగు ఇలా ఉండాలి అన్న మాటకి ‘నన్నయ చెప్పాడు’ అన్న బరువు తోడైంది. పుస్తకం మంచిదే కావచ్చు. ఆ బరువు మాత్రం దాని సొంతం కాదు.

*

ఇదంతా పాతకాలపు గొడవలా అనిపిస్తుందేమో. నాకు మాత్రం ఉద్యోగంలో కళ్ళారా కనిపించింది.

నేను కొన్నాళ్ళ కిందట చేరిన ఒక టీమ్‌లో, సర్వర్ల మధ్య సందేశాలు పంపే పద్ధతి మీద పది పేజీల డిజైన్ ఉండేది. పైన క్లయింట్ వైపు ఉన్న పెద్ద ఆర్కిటెక్ట్ సూచన అని రాసి ఉంది. చక్కగా ఉంది, అందరూ దాన్నే పాటిస్తున్నారు. ఒకచోట మాత్రం ఒకేసారి 500 సందేశాలకి మించి తీసుకోకూడదని పరిమితి పెట్టారు. లోడ్ పెరిగాక అది ఇబ్బందయింది. మార్చొచ్చా అంటే ఎవరూ చెప్పలేరు. ఆ ఆర్కిటెక్ట్‌కి మెయిల్ పెట్టారు. ఆయన ఇటూ అటూ కాని జవాబేదో ఇచ్చాడు. దాంతో అందరికీ భయం ఇంకా పెరిగింది. అంత పెద్దాయన పెట్టాడంటే ఏదో లోతైన కారణం ఉండే ఉంటుందని రెండు నెలలు దాని చుట్టూ తిరిగారు.

ఆఖరికి మా టీమ్‌లోనే ఉన్న ఒకమ్మాయి చెప్పింది, అది తను రాసిందని. 500 అన్నది అప్పటి టెస్ట్ మెషీన్ తట్టుకున్న సంఖ్య, అంతే. మరి ఆయన పేరెందుకు పెట్టావని అడిగితే ఆమె అన్న మాట నాకు గుర్తుండిపోయింది: “ముందు నా పేరుతోనే పెట్టాను కదన్నా. ఎవరు చదివారు?”

ఎవరూ చదవలేదు. పాత మెయిళ్ళు తీసి చూస్తే నిజమే. నేను చేరకముందు ఆరునెలలపాటు అదే డిజైన్ ఆమె పేరుతో మూల పడి ఉంది. ‘క్లయింట్ చెప్పారు’ అన్న ఒక్క వాక్యం చేరగానే రెండు రోజుల్లో ఆమోదం వచ్చింది. బెర్లిన్ విమర్శకుడు మీటింగ్ రూముల్లో కూడా ఉంటాడు.

ఆ అమ్మాయిది తప్పని నేను అనలేను. అన్యాయమైన చెవులకి వినిపించడానికి ఆమెకి దొరికిన దారి అదొక్కటే. కానీ దెబ్బ ఎక్కడ తగిలిందో చూడండి. డిజైన్ చదివి మెచ్చుకున్నవాళ్ళకి తగల్లేదు, వాడుకున్నవాళ్ళకి తగల్లేదు. ‘ఇది ఎందుకిలా ఉంది?’ అని అడగాల్సి వచ్చినవాళ్ళకి తగిలింది. జవాబు తెలిసిన మనిషి పక్క కుర్చీలోనే ఉంది, ప్రశ్నేమో సముద్రం దాటి ఏమీ తెలియని మనిషి దగ్గరికి వెళ్ళింది.

డౌన్స్‌కి జరిగిందీ అదే. కచేరీకి వచ్చి విని వెళ్ళినంత కాలం ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఒకడు పాఠం చెప్పడానికి కూర్చున్నాడు. మూలం ఏది, మార్పు ఏది, పున్యాని కాలంలో వయొలిన్ ఇలా ఉండేదా అని అడిగాడు. అబద్ధం అక్కడ విరిగింది. పేరు అనేది పొగడ్త అందించే చిరునామా మాత్రమే అనుకుంటే క్రైస్లర్ చేసింది త్యాగం. ప్రశ్న అందించే చిరునామా కూడా అదే అని గుర్తొస్తే, అతను ఊరందరి ఉత్తరాలనీ శ్మశానానికి మళ్ళించినట్టు.

*

ఇక్కడ వివాల్డి సంగతి చెప్పాలి. క్రైస్లర్ అరువు తెచ్చుకున్న పేర్లలో వివాల్డి కూడా ఉన్నాడు. సీ మేజర్‌లో ఒక కన్చెర్టో ఆయన పేరు మీద వేశాడు. ఇవాళ వివాల్డి తెలియనివాడు లేడు, లిఫ్టుల్లో కూడా ‘ఫోర్ సీజన్స్’ మోగుతుంది. అప్పట్లో మాత్రం ఆయన రచనల్లో చాలాభాగం కనుమరుగై ఉంది. 1926లో ఇటలీలోని మాన్‌ఫెరాటో ప్రాంతంలో సలేసియన్ పాదరీల కాలేజీ ఒకటి తమ దగ్గరున్న పాత సంగీత ప్రతుల్ని అమ్ముదామనుకుని ట్యూరిన్ గ్రంథాలయాన్ని విలువ కట్టమని అడిగింది. తెరిచి చూస్తే అందులో వివాల్డి సొంత దస్తూరీతో ఉన్న రాతప్రతులు కట్టలు కట్టలుగా ఉన్నాయి. మిగతా సగం ఇంకో కుటుంబం దగ్గర దొరికింది. 1930కల్లా రెండూ ట్యూరిన్ గ్రంథాలయానికి చేరాయి. పున్యాని పుట్టిన ఊరే అది.

అంటే క్రైస్లర్ చెప్పిన కథ నిజంగా జరిగింది. పాదరీలు, పాత కట్టలు, మర్చిపోయిన ఇటాలియన్ స్వరకర్త, అన్నీ. కాకపోతే జరిగింది వేరేవాళ్ళకి. వాళ్ళు ఏళ్ళ తరబడి దుమ్ములో కూర్చుని, కాయితాలు పోల్చి, దాతల్ని వెతికి డబ్బు కూడగట్టి ఆ పని చేశారు.

ఇది చదివినప్పుడు క్రైస్లర్ మీద నాకున్న చిరునవ్వు కాస్త తగ్గింది. ‘మఠంలో దొరికింది’ అన్న మాట ఒకరికి సరదా అబద్ధం. ఇంకొకరికి అది జీవితకాలపు పని. సరదాగా వాడితే ఆ మాట అరిగిపోతుంది. రేపు నిజంగా దొరికినవాడు చెప్పినా జనం కన్నుగీటుతారు. అంతకంటే చిన్నదైనా అసలైన నష్టం పున్యానికి జరిగింది. క్రైస్లర్ ఆయనకి పేరు తెచ్చిపెట్టాడని అంటారు. నేను పున్యాని పేరు కొట్టి వెతికితే వరసగా వచ్చేది ఆయన రాయని ఈ ఒక్క రచనే. ఆయన నిజంగా రాసిన సొనాటాలు వినాలంటే ఓపిగ్గా కిందికి వెళ్ళాలి. విన్నాను. అవి వేరేగా ఉన్నాయి. ఇంత గంభీరంగా నడిచొచ్చే పెద్దమనిషి వాటిలో లేడు. కబుర్లాడే మనిషి, మర్యాదగా నవ్వే మనిషి ఉన్నాడు. పున్యాని అంటే మంటపం అనుకుని వెళ్ళినవాడికి ఆ ఇల్లు చిన్నదిగా కనిపిస్తుంది. తను చెయ్యని గొప్పతనంతో పోల్చుకుని తక్కువైపోవడం, అదీ చచ్చిపోయాక, చిన్న శిక్షేం కాదు.

కనక నా లెక్క ఇలా తేలింది. క్రైస్లర్ వేదిక మీద ఆడిన ఆట మీద నాకు ఫిర్యాదు లేదు. పేరు చూసి చెవులు మూసుకునే లోకంలో వేషం వేసుకునే హక్కు కళాకారుడికి ఉంటుంది. ఆ షాట్ ప్రచురణలోనే అతను ఒక తలుపు ఓరగా తెరిచి పెట్టాడు కూడా. ఈ రచనల్ని ఎంత స్వేచ్ఛగా మలిచానంటే ఇవి నిజానికి స్వంత రచనలే అన్న అర్థంలో ఒక గమనిక ఉంది, బహిరంగంగా వాయిస్తే క్రైస్లర్ పేరు చెప్పి తీరాలని కూడా ఉంది. చదివే ఓపిక ఉన్నవాడికి అది సూచనే. కానీ అదే గమనికలో మూల రాతప్రతులు తన సొంత ఆస్తి అన్న మాటా ఉంది. ‘రాతప్రతి’ అన్న ఆ ఒక్క పదం దగ్గర అతను గీత దాటాడని నేననుకుంటాను. ‘పున్యాని’ అన్నంతవరకూ వేషం. ‘రాతప్రతి నా దగ్గరుంది’ అన్నది దొంగసాక్ష్యం. మొదటిది వినేవాళ్ళ పక్షపాతాన్ని మోసం చేస్తుంది, రెండోది వెతికేవాళ్ళ నిజాయితీని మోసం చేస్తుంది. మొదటివాళ్ళకి ఆ శాస్తి జరగాల్సిందే. రెండోవాళ్ళు చేసిన పాపమేమీ లేదు.

*

ఇప్పుడు రెండు మాటలు చెబితే ఫలానావాళ్ళ బాణీలో పాట కట్టిచ్చే యంత్రాలొచ్చాయి. వాటి గురించి జరుగుతున్న వాదనలన్నీ అనుకరణ తప్పా ఒప్పా అన్నచోటే ఆగుతున్నాయి. క్రైస్లర్ కథ చదివాక నాకు అనుకరణ అంటే భయం వెయ్యట్లేదు. మంచి అనుకరణ ప్రేమలోంచి వస్తుంది. పాతవాళ్ళని అంత దగ్గరగా విన్నవాడే అలా రాయగలడు. నేను చూసేది ఒక్కటే: రేపు ఎవడైనా వచ్చి ‘ఇది ఎందుకిలా ఉంది?’ అని అడిగితే, ఆ ప్రశ్న అందుకునే మనిషి ఎక్కడున్నాడు? క్రైస్లర్ ముప్పై ఏళ్ళు దాచాడు, సరే. కానీ అడగాల్సినవాడు అడిగినప్పుడు బతికే ఉన్నాడు, నేనే అన్నాడు. కోర్టు పిలిచేదాకా ఆగలేదు. ఆ తర్వాత మరో ఇరవై ఏడేళ్ళు బతికి, వచ్చిన ఎత్తిపొడుపులన్నీ తనే పడ్డాడు.

అసలు రచన మారిందా? స్వరం ఒక్కటీ మారలేదు. వినడం మారింది. పున్యాని అనుకుని విన్నప్పుడు మొదట్లో వచ్చే ఆ పెద్ద అంగలు పాతకాలపు గాంభీర్యంలా ఉంటాయి. క్రైస్లర్ అని తెలిసి వింటే, 1900ల వియన్నాలో కూర్చున్న కుర్రాడొకడు ఆ గాంభీర్యాన్ని దూరం నుంచి చూస్తూ, అందులో నడిచి చూద్దామని తాతగారి కోటు తొడుక్కున్నట్టు ఉంటుంది. కోటు కాస్త వదులు. ఆ వదులులోనే ఒక ఆర్తి ఉంది. మధ్యలో వచ్చే ఆ మెత్తని భాగం నాకిప్పుడు ఇంకా బాగా వినిపిస్తుంది. అక్కడ బరోక్ నియమాలు కొంచెం సడలి, వియన్నా కాఫీ హోటళ్ళ తీపి ఓ క్షణం తొంగిచూస్తుంది. పున్యాని అని నమ్మినవాళ్ళు దాన్ని విని ఉండరు. విన్నా, లెక్కలోకి తీసుకోకుండా వదిలేసి ఉంటారు. ఉండకూడని చోట ఉంది కాబట్టి.

అంటే తప్పుడు పేరు ఆఖరికి క్రైస్లర్‌నే ఎక్కువ మోసం చేసింది. ఆ రచనలో అచ్చంగా అతనిదైన భాగాన్ని ముప్పై ఏళ్ళపాటు ఎవరూ వినలేదు.

ఇప్పుడు అచ్చవుతున్న ప్రతుల మీద స్వరకర్త క్రైస్లర్ అనీ, కింద చిన్న అక్షరాల్లో పున్యాని శైలిలో అనీ ఉంటుంది. ‘శైలిలో’ అన్న ఆ ఒక్క మాట చేరడానికి పాతికేళ్ళు పట్టింది. అందులో ఇద్దరికీ చోటుంది. ఎవరి ఉత్తరం వాళ్ళకే చేరుతుంది.